కథలో భీం, చరిత్రలో భీం

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి కుమ్రం భీం వర్ధంతి జరుపుకోవడానికి మనమంతా జోడేఘాట్ చేరుతాం. కానీ భీం ఎవరితో పోరాడాడని అడిగితే, ఈ మధ్య మన పిల్లల్లోనే కొందరు "తెల్లదొరలతో" అంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. వాళ్లు 2022లో వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ సినిమా చూశారు. మనం చెప్పాల్సింది మనం చెప్పలేదు.

ఆ సినిమాలో గోండు పాపను తెల్లదొర భార్య ఎత్తుకుపోతుంది. పాప కోసం భీం ఢిల్లీ వెళ్తాడు, అల్లూరి సీతారామరాజుతో స్నేహం చేస్తాడు. ఇదంతా కల్పనేనని సినిమా వాళ్లే చెప్పారు. అల్లూరి 1922 నుంచి 1924 దాకా మన్యంలో బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడ్డారు. భీం పోరాటం నిజాం రాజ్యంలో, 1940లో. ఇద్దరూ కలిసినట్టు ఆధారం లేదు.

మరి జరిగిందేమిటి? అడవిని రిజర్వు చేసి, మన వాళ్లు దున్నుకుంటున్న పోడు భూముల నుంచి వెళ్లగొట్టారు. పశువులు మేపినా, కట్టెలు తెచ్చినా పన్నులు, మామూళ్లు. అటవీ సిబ్బంది గుడిసెలు తగలబెట్టారు. భీం మొదట అర్జీలు పెట్టాడు, నిజాంకు మొర వినిపించాలని హైదరాబాద్ వెళ్లాడు. దర్శనం దొరకలేదు. ఆ తర్వాతే ఆయుధం పట్టాడు. జోడేఘాట్ గుట్టల్లో పోలీసు కాల్పుల్లో సహచరులతో పాటు నేలకొరిగాడు. ఆ తర్వాత హైమన్‌డార్ఫ్ మన గూడేల్లో ఉండి తిరుగుబాటుకు కారణాలు పరిశీలించారు. మన వాళ్లకు పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది.

అయితే కల్పన అంటే అబద్ధమా? కాదని మేము అనుకుంటున్నాం. కల్పన తప్పంటే మన ప్రధాన్‌ల కిక్రి ఎప్పుడో మూగబోవాలి. పహండి కుపార్ లింగల్ కథ ఏ సంవత్సరంలో జరిగిందని మనం ఎన్నడూ అడగలేదు. మన సగలు ఎలా ఏర్పడ్డాయో, ఎవరు ఎవరికి బంధువో ఆ కథే చెబుతుంది. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాణ్ని నమ్మించాలని చూస్తాడు. కథ చెప్పేవాడికీ వినేవాడికీ అది కథేనని తెలుసు.

తేడా వినేవాళ్లలో ఉంది. ప్రధాన్ ఏ గోత్రం వాళ్ల కథను ఆ గోత్రం వాళ్ల ముందే పాడతాడు. వినేవాళ్లు దాన్ని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లే. సినిమా చూసిన కోట్ల మందిలో చాలామంది భీం పేరు వినడమే మొదటిసారి. మొదట్లో వేసే "ఇది కల్పితం" అన్న రెండు ముక్కలు ఎవరికీ గుర్తుండవు, పులితో పోరాటం గుర్తుంటుంది.

కళాకారుడు ఏం మార్చినా తప్పేనా? వేషం మార్చవచ్చు, పులిని తేవచ్చు. పోరాటానికి కారణం మార్చితే మాత్రం మనిషే మారిపోతాడు. సినిమాలో పాప ఇల్లు చేరితే భీం పని పూర్తవుతుంది. చరిత్రలో ఆ ఇల్లున్న నేల ఎవరిదన్నదే అసలు తగాదా. జల్, జంగల్, జమీన్ అన్న మాటలో ఉన్నది అదే. ఆ తగాదా ఇంకా తీరలేదు. పోడు పట్టా కోసం ఆఫీసు చుట్టూ తిరిగే మన ఇళ్లకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. భీం శత్రువు తెల్లదొర మాత్రమే అయితే, దొర వెళ్లిపోయాడు కాబట్టి కథ ముగిసినట్టే!

సినిమా మేలు కూడా చేసింది. మన భీం పేరు ప్రపంచమంతా పాకింది. అంతకుముందే అల్లం రాజయ్య, సాహు నవల రాశారు, అల్లాణి శ్రీధర్ సినిమా తీశారు. వాటిలోనూ కల్పన ఉంది, కానీ భూమి తగాదా పోలేదు. అంటే కల్పన, చరిత్ర కలిసి నడవగలవు.

అందుకే సినిమాను నిషేధించమని మేము అనడం లేదు. ఈ సెలవుల్లో మీ తాతను, కాకోను కూర్చోబెట్టి వాళ్లు విన్న భీం కథను ఫోన్‌లో రికార్డు చేయండి. ఊరి పేరు, చెప్పినవాళ్ల పేరు, తేదీ రాసి పెట్టండి. తర్వాత మీరే కథ రాయండి, బొమ్మ గీయండి, ఆట తయారు చేయండి. కల్పించండి, కానీ దేన్ని కల్పించారో తెలిసి కల్పించండి. మన కథ మనకు తెలిస్తే, దాన్ని ఎవరు ఎలా చెప్పినా మనం తప్పిపోం.

జై కుమ్రం భీం! జై సేవా!