మానసికారోగ్యవార్తలు – విలేకరికి లభించిన అండ

మానసికవ్యాధిగ్రస్తుల స్థితిగతులను లోకమునకు తెలిపిన విలేకరుల సాహసము పత్రికాచరిత్రలందు తరచుగ ప్రశంసింపబడినది. ఆ సాహసము వెనుక నిలిచిన అండ యెట్టిదో ప్రత్యేకముగ విచారింపవలసియున్నది. అమెరికాచరిత్రనుండి మూడు ఘట్టములను గైకొని ఆ యంశమును పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

మొదటి ఘట్టము 1887 నాటిది. జోసెఫ్ పులిట్జరు ఆధిపత్యమున న్యూయార్కునుండి వెలువడుచుండిన 'వరల్డ్' పత్రికకై నెల్లీ బ్లై అను యువతి ఉన్మాదినివలె నటించి, బ్లాక్‌వెల్స్ ద్వీపమందలి స్త్రీల చికిత్సాలయమున ప్రవేశించెను. ద్వీపమున అడుగిడిన పిమ్మట ఆమె నటన మానివేసెను. అయినను ఆమె మాట నెవ్వరును విశ్వసింపలేదు. పదిదినములకు పత్రిక పక్షమున న్యాయవాది వచ్చి విడిపించెను. చన్నీటిస్నానములు, చెడిన ఆహారము, పరిచారికల క్రౌర్యము - వీనిని వర్ణించిన ఆమె వ్యాసములవలన గ్రాండు జ్యూరీ విచారణ జరిగెను; నిధులును పెరిగెను. ఇచట గమనింపదగినది ఆ న్యాయవాది రాక. ఆమెకు బయటపడు త్రోవ యుండెను. తక్కిన స్త్రీలకు లేకుండెను. విలేకరికిని రోగికిని గల యీ యంతరమే యీ వృత్తిపైనున్న నైతికభారము.

రెండవ ఘట్టము ద్వితీయ ప్రపంచసంగ్రామానంతరమున జరిగినది. మనస్సాక్షి యొప్పక ఆయుధధారణమును నిరాకరించిన యువకులు పెక్కురు ప్రభుత్వ మానసికచికిత్సాలయములందు సేవకు నియుక్తులైరి. వారి నివేదికలను ఆధారముగ గొని ఆల్బర్ట్ మెయిజెల్ 1946 మే 6వ తేదీ 'లైఫ్' పత్రికలో ఆ యాలయముల దుస్థితిని ప్రకటించెను. 1948లో ఆల్బర్ట్ డాయిచ్ 'ది షేమ్ ఆఫ్ ది స్టేట్స్' అను గ్రంథమును వెలువరించెను. ఈతడు 1937 నాటికే అమెరికాలోని మానసికరోగుల సంరక్షణచరిత్రమును రచించినవాడు. కావున తాను చూచిన దుస్థితి ఒక్క యధికారి దోషమా, తరతరముల ఉపేక్షాఫలమా యని వివేచింపగల సామర్థ్యము ఆతనికుండెను. నెల్లీ బ్లైకి పత్రిక అండయైనచో, డాయిచ్‌కు చరిత్రజ్ఞానము అండయైనది.

మూడవ ఘట్టమున ఆ యండ వ్యవస్థారూపము దాల్చినది. 1977లో ఏర్పడిన అధ్యక్షుని మానసికారోగ్యసంఘమునకు గౌరవాధ్యక్షురాలుగ నుండిన రోజలిన్ కార్టర్ పేర, అట్లాంటాలోని కార్టర్ సెంటరు 1996లో విలేకరులకు ఫెలోషిప్పుల నేర్పరచెను. ఉద్యోగము వీడకయే ఏడాదిపాటు తాము కోరిన విషయమును శోధించుటకు ధనసాహాయ్యము, నిపుణుల సలహా లభించును. అండ యిచ్చువారు వ్రాతను శాసింతురేమో యను శంక సహజమే. విషయనిర్ణయము విలేకరియందే యుండుట ఆ శంకకు కొంత సమాధానము.

ఇట్టి శిక్షణ యేల? దోషము గోడలలోనే కాక మాటలలోను ఉండుటచేత. వియన్నా నగరమున భూగర్భరైలుమార్గమందలి ఆత్మహత్యలను పత్రికలు ఆర్భాటముగ వర్ణించుచుండెను. 1987లో నిపుణులు సూచించిన నియమములను పాటించి అవి సంయమనము వహింపగా, అట్టి మరణములు గణనీయముగ తగ్గెను.

మనదేశమున 2001 ఆగస్టు 6న తమిళనాటి ఏర్వాడిలో అగ్నిప్రమాదము సంభవింపగా, గొలుసులతో బంధింపబడియున్న మానసికరోగులు తప్పించుకొనలేక 28 మంది మరణించిరి. పత్రికావార్తల ననుసరించి సుప్రీంకోర్టు తనంత తానుగ విచారణ చేపట్టెను. పిమ్మట వచ్చిన 2017 నాటి మానసికారోగ్యసంరక్షణచట్టము, రోగి సమ్మతి లేక ఆతని చిత్రమునుగాని వివరములనుగాని పత్రికల కీయరాదని విధించినది. వార్త రక్షించునది, వార్తనుండియు రక్షణ కావలయును. ఈ రెండును మన చట్టచరిత్రమున చేరినవి.

తెలుగున 'పిచ్చాసుపత్రి' యను మాట యెంత సులభముగ నోటికి వచ్చునో, హైదరాబాదునందలి ఎర్రగడ్డ యను స్థలనామమెట్లు పరిహాసపదమైనదో మనమెరుగుదుము. విలేకరికి ధనము, కాలము, వైద్యుల సలహా ఇతరులు సమకూర్పవచ్చును. రోగిని కించపరుపని తెలుగుమాటను సమకూర్చుట మాత్రము భాషాశాఖల పని. ఆ యండ యింకను మనవలన అందవలసియున్నది.