రంగు కాదు, బెడ్డు చూడండి

బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డు. గాలిలో కూలెంటు వాసన, చెప్పుల కింద ఇనుప తురుము. మీరు చూడటానికొచ్చిన లేతు మూలన చెక్కదిమ్మల మీద నిలబడి ఉంది. హరిహర్‌లో తయారైన పాత కిర్లోస్కర్ టర్న్‌మాస్టర్. ఒళ్లంతా కొత్త ఆకుపచ్చ రంగు. "మొన్ననే రంగేసినమన్నా, కొత్తదాని లెక్కుంది" అంటున్నాడు అమ్మే అతను. రంగును వదిలేసి చక్కు దగ్గరికి నడవండి.

క్యారేజీని టెయిల్‌స్టాకు వైపు జరపండి. చక్కు ముందు బెడ్డు బయటపడుతుంది. గుడ్డతో నూనె తుడిచి, ముందువైపు వి ఆకారపు దారి వాలు మీద గోరును అడ్డంగా నడిపించండి. ఒకచోట టక్కున ఆగింది. అది మెట్టు. క్యారేజీ తాకని అంచు అసలు ఎత్తులోనే ఉండిపోయింది, పక్కన రాసుకున్న మేర అరిగి దిగిపోయింది. వర్క్‌షాపులో ఎక్కువ జాబులు పొట్టివే కాబట్టి క్యారేజీ ఏళ్లతరబడి ఈ జానెడు, మూరెడు మేరలోనే తిరుగుతుంది. బీడు రజను నూనెలో కలిసి ఇక్కడే సానపడుతుంది. టెయిల్‌స్టాకు చివరికెళ్లి చూడండి, ఫ్యాక్టరీ నాటి పనితనం గుర్తులు అక్కడ ఇంకా మాసిపోలేదు.

గోరు ఒక్కటే సాక్ష్యం కాదు. క్యారేజీని చక్కు దాకా తెచ్చి, లాకు బోల్టును చేతిచక్రం కాస్త బరువుగా తిరిగేంత బిగించండి. ఇప్పుడు కుడివైపు నడిపించండి. మొదట సాఫీగా పోయింది, మధ్యకొచ్చేసరికి బరువెక్కింది, ఆ తర్వాత మొరాయించింది. బెడ్డు సమంగా ఉంటే ఆ బరువు ఆద్యంతం ఒకేలా ఉండేది.

ఏ అరుగుదల ఎంత నష్టమో తెలుసుకోవాలి. టూలు నిలువుగా 0.1 మిల్లీమీటరు దిగితే 50 మిల్లీమీటర్ల జాబు వ్యాసంలో తేడా ఒక మైక్రాను కూడా రాదు. అదే టూలు అడ్డంగా 0.05 జరిగితే వ్యాసం 0.1 మారిపోతుంది. వి దారి ఒకవైపే ఎక్కువ అరిగి క్యారేజీని అడ్డంగా జరుపుతుంది కాబట్టే మన భయమంతా దాని గురించి.

మోటారు ఆపించి, డయల్ గేజు ముల్లును స్పిండిలు లోపలి టేపరుకు ఆనించండి. చక్కు దవడలను నమ్మొద్దు, అవి ఎటూ అరిగే ఉంటాయి. చేత్తో తిప్పితే ముల్లు 0.01 దగ్గర ఆగింది, బాగుంది. ఇలా గేజుతో మిషన్లను పరీక్షించే పద్ధతిని జర్మన్ ఇంజనీరు జార్జ్ ష్లెసింగర్ 1927లోనే పుస్తకంగా తెచ్చారు. తర్వాత చక్కులో కడ్డీ బిగించి పైకి ఎత్తి చూడండి. ముల్లు ఎగిరితే బేరింగులో ప్లే ఉన్నట్టే. ఒక్కోసారి సర్దుబాటు నట్టు బిగిస్తే పోతుంది. అన్ని స్పీడ్లలోనూ నడిపించి వినండి, చుట్టుకొకసారి టక్‌మంటే గేరు పన్ను విరిగిందేమో అనుమానించండి.

క్రాస్ స్లైడు చేతిపిడి కొన్ని గీతలు ఖాళీగా తిరుగుతోందా? కంగారు వద్దు. గన్‌మెటల్ నట్టు కొత్తది చేయించొచ్చు. హాఫ్ నట్టూ అంతే. ఇవి బేరానికి పనికొచ్చే లోపాలు.

ఇక కోత. 40 మిల్లీమీటర్ల ఎంఎస్ రాడ్డును 150 బయటికి ఉంచి బిగించి, టెయిల్‌స్టాకు ఆసరా లేకుండా, పదునైన టూలుతో పలుచగా ఒక కట్ తీయండి. మైక్రోమీటరుతో మొదట, మధ్య, చివర మూడు చోట్లా కొలవండి. తేడా ఒకే వరసలో పెరిగితే హెడ్‌స్టాకు వంకరో, దిమ్మల మీద బెడ్డు మెలికో కావచ్చు. మట్టం చూసి సరిగా నిలబెడితే చాలావరకు సర్దుకుంటుంది. మధ్య కొలత మాత్రం వరస తప్పితే బెడ్డునే అనుమానించాలి.

ఆ బెడ్డును గ్రైండింగు చేయించొచ్చు. కానీ క్యారేజీ కిందికి దిగుతుంది, లీడ్ స్క్రూ వరస తప్పుతుంది, క్యారేజీ అడుగున లైనింగు వేసి మళ్లీ ఎత్తుకు తేవాలి. ఆ ఖర్చంతా రాయించుకుని మిషను ధరకు కలిపి చూసుకోనిదే బయానా ఇవ్వకండి.