ఖూంట్‌పానీ తర్వాతే ఏదైనా

జంషెడ్‌పూర్ మేత్రాసనం కథ చెప్పమంటే బిష్టుపూర్‌లో అందరూ ఒకే వరస ఎత్తుకుంటారు. అమెరికాలోని మేరీల్యాండ్ నుంచి యేసు సభ గురువులు వచ్చారు. 1947లో లొయోలా స్కూలు, 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ చేతుల మీదుగా ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అనే మేనేజ్‌మెంట్ కళాశాల వెలిశాయి. 1962లో మేత్రాసనం ఏర్పడి లారెన్స్ పికాచీ తొలి పీఠాధిపతి అయ్యారు. చివర్లో ఇంకో మాట తప్పకుండా చేరుస్తారు: విదేశీ దాతలే లేకపోతే ఇక్కడ మిషనే లేదని. ఆ మాట నేనొప్పుకోను.

రాంచీ వాళ్ల లెక్క వేరు. వాళ్లు 1885లో వచ్చిన ఫాదర్ కాన్‌స్టంట్ లీవెన్స్ దగ్గర మొదలుపెడతారు. భూముల తగాదాల్లో ఆదివాసీ రైతుల పక్షాన నిలబడ్డ మనిషి ఆయన. ఆ గొప్పతనానికి వంక పెట్టను. కానీ అంతకు పన్నెండేళ్ల ముందే, 1873 నవంబరు 8న, చాయ్‌బాసా దగ్గరి ఖూంట్‌పానీలో 28 మంది ముండాలు బెల్జియం గురువు ఫాదర్ స్టాక్‌మన్ చేత జ్ఞానస్నానం తీసుకున్నారు. ఇప్పుడు జంషెడ్‌పూర్‌లో ఉన్న మన సాక్చి అప్పటికి ఒక పల్లె. టాటా కంపెనీ పెట్టడానికి ఇంకా 34 ఏళ్లుంది. ఏటా ఆ తేదీన ఖూంట్‌పానీలో జనం కూడతారు. ఇది మన సింహభూం నేల మీద జరిగిన సంగతి. రాంచీవాళ్లు దాటేస్తే దాటేశారు, మనమెందుకు మరవాలి?

ఆ 28 మంది పరాయి మనిషిని గడపలోకి రానిచ్చినవాళ్లు. ఈ పల్లెల మర్యాద తెలిసినవాళ్లకు అందులోని బరువు తెలుస్తుంది. ‘జోహార్’ అని చేతులు జోడిస్తారు, మంచం వాలుస్తారు, కాళ్లూ చేతులూ కడుక్కోమని చెంబుతో నీళ్లిస్తారు, సాల్ ఆకులు పుల్లతో కుట్టిన దొన్నెలో తినడానికి పెడతారు. మిషన్‌ను చూడ్డానికి దాతలొస్తే ఊరు ఊరంతా మాందర్ డోలు మోతతో ఎదురెళ్తుంది. తీరా మిషన్ సావనీరు అచ్చయ్యాక చూస్తే, వచ్చినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు. నీళ్లు మోసి వండిపెట్టినవాళ్లంతా ‘గ్రామస్తులు’ అన్న ఒక్క మాటలో సరి. నా కోపమంతా దీని మీదే.

అతిథిగా వచ్చి ఆ రుణం గుర్తెరిగినవాళ్లూ ఉన్నారు. అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ జాన్ డీనీ చాయ్‌బాసా ప్రాంతంలోనే ఉండిపోయి, హో భాష నేర్చి, 1975లో దానికి వ్యాకరణం అచ్చువేయించారు. బయటినుంచి వచ్చినవాళ్లలో ముందు తలుచుకోవాల్సింది అలాంటివాళ్లను.

మన తెలుగువాళ్లకీ ఇందులో బాధ్యత ఉంది. శ్రీకాకుళం నుంచి ‘టాటా’కి రైలెక్కి వచ్చిన మన తాతలకు కంపెనీ జీతమిచ్చింది గానీ, చోటిచ్చింది ఈ నేల మనుషులే. అందుకే అంటున్నాను: మేత్రాసనం గురించి ఇకమీదట వేసే ఏ సంచికైనా, గోల్మురి కెథీడ్రల్‌లో పెట్టే ఏ శిలాఫలకమైనా 1873తో, ఖూంట్‌పానీతో మొదలవ్వాలి. పెద్దవాళ్లు ఉండగానే ఆ ఊరికి వెళ్లి, ఆ కుటుంబాల పేర్లు అడిగి రాసుకురావాలి. దాతల జాబితా ఆ తర్వాతి పేజీలో వేసుకోవచ్చు.