వేషం మార్చిన ఓడలు

విశాఖపట్నంలోని నావికాదళ స్థావరం పేరు ‘సర్కార్స్’. 1939లో దానిని నెలకొల్పినప్పుడు మన ఉత్తర సర్కారుల పేరే పెట్టారు. ఆ అయిదు సర్కారులలో ఉత్తరపు కొసన ఉన్నది చికాకోలు, అంటే శ్రీకాకుళం. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు అప్పటికి విశాఖపట్నం జిల్లాలో భాగాలే. అందుచేత ఈ కథ పొరుగూరిది కాదని చదువరులకు మనవి.

పేరు ఘనమే గాని, ఓడలేవీ? రెండవ ప్రపంచ యుద్ధారంభాన రాయల్ ఇండియన్ నేవీ చేతిలో ఉన్న యుద్ధనౌకలు ఎనిమిది. కరాచీ నుంచి చిట్టగాంగు దాకా సాగిన తీరానికి అవి ఏ మూలకు? కంపెనీల స్టీమర్లను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. నిన్నటిదాకా మనుషులను, మూటలను మోసిన ఓడకు ఫిరంగి బిగించి, రేవు ముందు గస్తీకో, మైన్లు ఏరడానికో పంపేవారు. 1940లో డంకర్కు నుంచి సైనికులను తెచ్చిన చిన్న పడవల కథను లోకమంతా చెప్పుకున్నది. మన స్టీమర్ల సంగతి చెప్పుకున్నవారు తక్కువ.

వాటి బలమెంతో 1942 ఏప్రిల్‌లో తేలిపోయింది. 6వ తేదీన జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగాయి. విమానవాహక నౌకతో వచ్చిన శత్రువును గస్తీ స్టీమరు ఆపాలని ఎవరూ ఆశించరు. నన్ను వేధించేది వేరొకటి: వేషం మార్చిన ఈ ఓడలను స్వపక్షం వారే పోల్చుకోలేకపోవడం.

ప్రభావతి అనే గస్తీ నౌక 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బరు దాడి జరిగిన ఒకటి రెండు రోజులకే, రెండు బార్జీలను లాక్కుంటూ కరాచీకి పోతున్నది. బార్జీలు పక్కన చేరడంతో దూరానికి దాని ఆకారమే మారిపోయింది. బ్రిటిషు క్రూయిజర్ గ్లాస్గో దానిని జపాను జలాంతర్గామి అనుకొని, ఆరువేల గజాల దూరం నుంచి కాల్చి ముంచివేసింది.

ముప్ఫై ఏళ్ళకు మళ్ళీ డిసెంబరే. 1968లో విశాఖలో ఏర్పడిన తూర్పు నౌకాదళ కమాండ్, 1971లో బంగాళాఖాతపు పోరును నడిపింది. ఘాజీ కథ మన తీరంలో పిల్లలకు కూడా తెలుసు. పద్మ, పలాష్‌ల పేర్లు ఎందరు విన్నారు? అవి కలకత్తా పోర్టు పడవలు. బోఫోర్స్ ఫిరంగులు బిగించి ముక్తివాహినికి అప్పగించారు. కమాండర్ సామంత్ నాయకత్వంలో, మన నౌక పన్వేల్ తోడుగా, డిసెంబరు 10న అవి ఖుల్నాను సమీపిస్తున్నాయి. పైన పసుపు గుర్తు ఉండనే ఉన్నది. అయినా మన విమానాలే శత్రువులవనుకొని కొట్టాయి. రెండూ మునిగిపోయాయి.

పలాష్ ఇంజను గదిలో పనిచేసిన రూహుల్ అమీన్ ఈది ఒడ్డు చేరాడు. అక్కడ రజాకార్ల చేతిలో (ఆ మాట మనకు హైదరాబాదు చరిత్రలో పరిచితమే; వీరు వేరు) మరణించాడు. బంగ్లాదేశ్ ఆయనకు తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠోను ఇచ్చింది. సమాధి ఖుల్నా దగ్గర, రూప్సా నది ఒడ్డున ఉన్నది.