నల్లికి నల్లే మందు

నల్లి అనగానే మంచంకోళ్లే గుర్తొస్తాయి కదూ! మదనపల్లె, పుంగనూరు, కుప్పం టమాటా తోటల్లో ఆకుల అడుగున బూజు అల్లి, రసం పీల్చే ఎర్రనల్లి వేరు. ఎనిమిది కాళ్లతో అది సాలీడుకు చుట్టం.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన డి.డి.టి. పురుగుల్ని చంపింది గాని, ఈ నల్లిని తినే జీవుల్నీ తుడిచిపెట్టింది. ఇక దానిదే రాజ్యం!

ముల్లును ముల్లుతోనే తీయాలంటారు. 1950ల చివర చిలీ నుంచి జర్మనీకి వెళ్లిన ఆర్కిడ్ మొక్కల మీద మరో నల్లి బయటపడింది. ఇది ఆకు ముట్టదు, ఎర్రనల్లినే భోంచేస్తుంది. హాలెండులో మందుల ఘాటు పడని దోసరైతు యాన్ కాపర్ట్ దీన్నే తోటలో వదిలాడు. 1967లో అదే ఆయన వ్యాపారమైంది.

మన నేలలోనూ ఇలాంటి మేలుచేసే నల్లులున్నాయి. మందు కొట్టేముందు ఒక్కసారి ఆకు తిప్పి చూడమనండి!