బొంతకు వలయు సామగ్రి

ఈ నడుమ మా మనుమరాలు బొంత కుట్టుట నేర్వవలెనని ఒక పెట్టెడు పనిముట్లు కొని తెచ్చినది. చక్రమువలె తిరుగు కత్తి, దాని క్రింద పఱచు చాప, గళ్లు గీచిన కొలబద్ద, నాలుగు రకముల గుండుసూదులు, ఇంకను నాకు పేరు తెలియనివి కొన్ని. "తాతయ్యా, ఇందులో నిజంగా కావలసినవి ఏవి?" అని నన్నడిగినది. చరిత్ర చదువుకొన్నవాడను గనుక ఆ సమాధానమును చరిత్రలోనే వెదకితిని.

సూది లేనిదే పని లేదు. సైబీరియాలోని డెనిసోవా గుహలో 2016వ సంవత్సరమున పక్షియెముకతో చేసిన సూది యొకటి బయల్పడినది. పొడవు 7 సెంటీమీటర్లకు పైచిలుకు. వయస్సు సుమారు 50,000 ఏండ్లు. దానికి బెజ్జము కలదు. ఎముక పోయి ఉక్కు వచ్చినది గాని మొనయు బెజ్జమును అట్లే యున్నవి.

దారపు సంగతి వంగదేశపు స్త్రీల నడుగవలెను. వారు పాత చీరెలను, ధోవతులను పొరలుగా పఱచి, చీరెల రంగుటంచులనుండి పోగులు లాగి, వానితోనే కాంథాలు కుట్టెడివారు. మన బొంతకును పాత చీరెయే మూలధనము. క్రొత్త గుడ్డ బిఱుసుగా నుండి సూదికి లొంగదు. పదేండ్లు ఉదికిన నూలుచీరె పొరకు పొర ఒదిగి కూర్చుండును. అంగడిలో కొనరాని సరకు ఇదియే. నేడు మన యిండ్లలోని చీరెలు పెక్కు కృత్రిమపు పోగులవి. ఎన్నేండ్లు కట్టినను అవి ఆ మెత్తదనమునకు రావు. నా దిగులంతయు దీనిని గూర్చియే గాని పనిముట్లను గూర్చి కాదు.

ముక్కలు చేర్చి కుట్టు దుప్పట్ల దారి వేఱు. అందు కొలత తప్పిన అంచులు కలియవు. ఇంగ్లండులో 1718వ సంవత్సరపు తేదీ గల పట్టుముక్కల దుప్పటి యొకటి నిలిచియున్నది. ముక్కలకు ఆకారమిచ్చుటకై మడిచిపెట్టిన కాగితములు నేటికిని దాని లోపలనే యున్నవి. అన్నట్లు, మన తీరమునకును ఈ కథతో సంబంధము కలదు. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిరి. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలపై వారి దేశస్థులు ఎంత మోజు పడిరనగా, అచ్చటి నేతగాండ్ర మొఱ విని పార్లమెంటు 1701లోను 1721లోను నిషేధములు చేయవలసి వచ్చెను. లెవెన్స్ హాల్ అను భవనమున, 1708 నాటిదని చెప్పుకొను దుప్పటి భారతదేశపు చీటిగుడ్డల ముక్కలతో కుట్టబడినదే.

చక్రపుకత్తి 1979లో జపానుదేశపు ఓల్ఫా సంస్థ తెచ్చినది. పొరలు కొన్ని ఒక్కసారిగా తెగును. ముక్కల పనికి అది గొప్ప యుపకారి. చీరెను చీరెగానే పఱచు మన బొంతకు మాత్రము కత్తెర చాలును.

ఇంత చెప్పి, మా తల్లి కుట్టిన బొంతను ఒక మూల విప్పి చూపితిని. చీరెల పొరల నడుమ అంతకన్న పాత బొంత మఱియొకటి యున్నది! దాని కుట్టు వేఱు, దారము ముతక. అది ఎవరి చేతిదో చెప్పువారు మా యింట ఇప్పుడు లేరు.

ఆ మూలను మా మనుమరాలే మరల కుట్టినది. ఆఱు పొరలలో సూది దింపునప్పుడు వ్రేలు రెండుమారులు రక్తము చిమ్మినది. మఱునాడు పెట్టె తెఱచి మొట్టమొదట వెదకినది వ్రేలితొడుగును.