గుర్రపు పందేలు: రాజాదరణ నుంచి ప్రభుత్వ లైసెన్సు వరకు

గుర్రపు పందేల చరిత్ర గెలుపోటముల చరిత్ర మాత్రమే కాదు; పాలకులతో వాటికున్న సంబంధాల చరిత్ర కూడా. హైదరాబాదులో పందేలు మొదట మౌలాలీలో జరిగేవి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు తరలించాడు. నాటి పోషకుడు రాజే. రాచరికం ముగిశాక క్లబ్బుల మనుగడ ప్రధానంగా పందెం సొమ్ముపై ఆధారపడింది.

టోటలైజేటర్‌లో పోగైన సొమ్ములో పన్ను, క్లబ్బు వాటా మినహాయించి మిగిలినది గెలిచినవారికి పంచుతారు. పన్ను పెరిగితే పంచే సొమ్ము తగ్గుతుంది. పందెం కాసేవారు పన్ను కట్టని దొంగచాటు బుకీల వైపు మళ్లుతారు. క్లబ్బు ఆదాయం పడిపోయి బహుమతులు తగ్గుతాయి. అప్పుడు యజమానులు గుర్రాలు కొనరు. జాకీలకు, గుర్రాలను చూసుకునే పనివారికి ఉపాధి పోతుంది.

రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్ర జాబితాలోని 34వ అంశం. 1974లో తమిళనాడు గుర్రపు పందేలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇది నైపుణ్య క్రీడ అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో క్లబ్బులు నిలబడ్డాయి. అయితే 2017లో జీఎస్టీ వచ్చి 28 శాతం పన్ను పడింది; 2025లో అది 40 శాతమైంది. లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్రానిదే అయినా, పన్ను తగ్గించడం ఇప్పుడు ఒక్క రాష్ట్రం చేతిలో లేదు.

కాబట్టి ప్రభుత్వం పందేలను ఆదుకోవాలా అన్న ప్రశ్నకు ఆదాయం లెక్క ఒక్కటే చాలదు. గుర్రపుశాలలపై బతికే కుటుంబాలనూ, పందేల్లో చితికిపోయిన కుటుంబాలనూ ఒకే తక్కెడలో తూచవలసి ఉంటుంది.